గోడ మీది మొగం
(కొబ్బరి చిప్పతో చేర్యాల మాస్కు)



పండుగ దగ్గరికి వచ్చిందంటే మనం మొదట చూసేది గోడనే. బూజు దులుపుతాం. సున్నం వేస్తాం. గోడ కింది భాగానికి జాజు పూస్తాం. గడపకు పసుపు రాసి బొట్లు పెడతాం. వాకిట్లో ముగ్గు వేస్తాం.

ఇది మన అమ్మలు, అవ్వలు చేసిన పని. దీన్ని ఇంటి పని అన్నారు. కళ అని ఎవరూ అనలేదు. కూలి కూడా ఎవరూ కట్టలేదు. కానీ ఇది కళే. గోడను చూసి, రంగు చూసి, ఎక్కడ ఏది బాగుంటుందో తెలిసిన చేతులే ఈ పని చేస్తాయి.

ఆ చేతులతోనే చేయగలిగిన ఇంకో పని గురించి ఈ పాఠంలో చదువుకుందాం.

కొత్త ఇల్లు, ఖాళీ గోడ

సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలో ఎర్రవల్లి ఉంది. 2016 డిసెంబర్ 23న ఈ ఊళ్లోనూ, పక్కనున్న నర్సన్నపేటలోనూ డబుల్ బెడ్‌రూం ఇండ్లకు గృహప్రవేశం జరిగింది. ఎన్నో కుటుంబాలు ఒకే రోజు కొత్త ఇండ్లలో అడుగుపెట్టాయి.

ఇల్లు మారితే గోడ కూడా మారుతుంది. మట్టి గోడకు జాజు పట్టినట్టు సిమెంటు గోడకు పట్టదు. మట్టి గోడలో గూడు ఉంటుంది. దీపం పెట్టుకోవచ్చు, చిన్న సామాను పెట్టుకోవచ్చు. సిమెంటు గోడ చదునుగా, ఖాళీగా ఉంటుంది. ఈ గోడకు ఏం పెట్టాలి?

కొందరు దేవుడి పటం పెడతారు. కొందరు క్యాలెండర్ తగిలిస్తారు. కొందరు టౌనుకు పోయి ప్లాస్టిక్ పూలు తెస్తారు. ఆ పూలు కొద్ది రోజులకే వెలిసిపోతాయి. దుమ్ము పడుతుంది. మళ్లీ డబ్బు పెట్టి కొత్తవి కొనాలి.

మన జిల్లాలోనే గోడకు పెట్టుకునే అందమైన వస్తువు ఒకటి తయారవుతుంది. దాని పేరు చేర్యాల మాస్కు. మాస్కు అనగానే 2020లో కరోనా వచ్చినప్పుడు ముక్కుకు, నోటికి కట్టుకున్న గుడ్డ గుర్తుకొస్తుంది. ఇది అది కాదు. ఇది మొగం బొమ్మ. తలపాగా చుట్టి, మీసం మెలేసిన మొగాయన. పెద్ద బొట్టు, ముక్కుపుడక పెట్టుకున్న ఆడామె. పెద్ద పెద్ద కళ్లు. మెరిసే రంగులు.

ఆ బొమ్మను వెనక్కి తిప్పి చూడండి. లోపల కొబ్బరి చిప్ప కనిపిస్తుంది. మనం దేవుడికి కొట్టి, కొబ్బరి తీసుకుని, పెంట మీద పారేసే చిప్పే అది.

చేర్యాల ఎక్కడుంది?

కొమురవెల్లి మల్లన్న జాతరకు పోయినవాళ్లకు చేర్యాల కొత్త కాదు. రెండూ దగ్గర దగ్గరే ఉంటాయి. చేర్యాల ముందు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. అప్పటి నుంచి చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉంది. అంటే ఎర్రవల్లి, చేర్యాల ఇప్పుడు ఒకే జిల్లా ఊళ్లు.

చేర్యాలలో బొమ్మలు వేసేవాళ్లను నకాశీలు అంటారు. వాళ్లు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. ధనాలకోట వైకుంఠం నకాశ్ ఈ కళలో పేరున్న చిత్రకారుడు. ఆయన భార్య వనజ కూడా చిత్రకారిణే. వాళ్ల పిల్లలూ ఈ పని నేర్చుకున్నారు.

పటం నుంచి గోడకు

నకాశీలకు మొదటి నుంచి ఉన్న పెద్ద పని పటం వేయడం. పటం అంటే పొడవాటి గుడ్డ. మూడడుగుల దాకా వెడల్పు ఉంటుంది. ముప్పై నలభై అడుగుల పొడవు కూడా ఉంటుంది. దాని మీద ఒక కథ మొత్తం బొమ్మల వరుసగా వేస్తారు. వెనక రంగు ఎక్కువగా ఎరుపు.

ఈ పటాన్ని కథ చెప్పేవాళ్లు తీసుకునేవాళ్లు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయుడి కథ చెప్పేవాళ్లు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేవాళ్లు. గౌడజెట్టివాళ్లు గౌడులకు, డక్కలివాళ్లు మాదిగలకు వాళ్ల వాళ్ల కులపురాణం చెప్పేవాళ్లు. మందెచ్చులవాళ్లు బొమ్మలు పట్టుకుని గొల్లలకు కాటమరాజు కథ చెప్పేవాళ్లు. ఆ బొమ్మలను కూడా నకాశీలే చేసి ఇచ్చేవాళ్లు.

ఊరి నడుమ పటం వేలాడదీసేవాళ్లు. రాత్రి దీపం వెలుగులో కథ నడిచేది. చదువు రానివాళ్లు కూడా బొమ్మ చూసి కథ తెలుసుకునేవాళ్లు. ఒక రకంగా పటం చదువు రానివాళ్ల పుస్తకం.

తర్వాత సినిమా వచ్చింది. రేడియో వచ్చింది. టీవీ వచ్చింది. పటం కథ వినేవాళ్లు తగ్గారు. కథ చెప్పేవాళ్లు తగ్గితే పటం అడిగేవాళ్లు కూడా తగ్గుతారు. నకాశీల పొయ్యి మీదికి కష్టం వచ్చింది. చాలామంది ఈ పని వదిలేశారు.

మిగిలినవాళ్లు ఒక ఆలోచన చేశారు. ముప్పై అడుగుల పటం ఇంట్లో పట్టదు. కానీ అడుగు బొమ్మ పడుతుంది. అందుకని పటంలోని ఒక్కో బొమ్మను విడిగా వేసి, చట్రం కట్టి అమ్మారు. అలాగే మొగం బొమ్మలు, చిన్న బొమ్మలు ఎక్కువగా చేయడం మొదలుపెట్టారు. కొన్నవాళ్లు వాటిని గోడకు పెట్టుకున్నారు. ఊరి నడుమ వేలాడిన పటం బొమ్మలు అట్లా ఇంటి గోడలకు ఎక్కాయి.

ఇది మన జిల్లాలోనే జరగలేదు. పశ్చిమ బెంగాల్‌లో పురులియా జిల్లా ఉంది. అక్కడ చడిదా అనే ఊళ్లో ఛావ్ నాట్యం కోసం కాగితం, మట్టి, గుడ్డతో పెద్ద పెద్ద మాస్కులు చేస్తారు. ఆటగాళ్లు వాటిని మొగానికి పెట్టుకుని ఆడతారు. ఇప్పుడు ఆ ఊరివాళ్లు గోడకు పెట్టుకునే మాస్కులు కూడా చేసి అమ్ముతున్నారు. ఆట కోసం పుట్టిన మొగం గోడకు ఎక్కి ఆ ఊరికి అన్నం పెడుతోంది.

మాస్కుకు ఏమేం కావాలి?

ఈ వస్తువుల పేర్లు ఒక్కొక్కటిగా చదవండి. వీటిలో మీ ఇంట్లో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి.

1. కొబ్బరి చిప్ప
2. చింతగింజలు
3. రంపపు పొట్టు (వడ్రంగి దగ్గర, కోత మిషను దగ్గర దొరుకుతుంది)
4. పాత నూలు గుడ్డ
5. సుద్ద పొడి
6. తుమ్మ జిగురు
7. రంగులు, కుంచెలు
8. గరుకు కాయితం
9. గట్టి దారం లేదా సన్న తీగ

చూశారా? సగం వస్తువులు మనం పారేసేవే. కొనాల్సింది రంగులు, కుంచెలు, గరుకు కాయితం, కొంచెం సుద్ద.

వీటిలో చింతగింజే ముఖ్యం. చింతగింజ పొడిని నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు అవుతుంది. గంజి లాంటిదే, కానీ గంజి కంటే గట్టిగా పట్టుకుంటుంది. మగ్గం నేసేవాళ్లు కూడా నూలుకు గంజి పెట్టడానికి చింతగింజ పొడిని వాడతారు. పొట్టు ఒక్కటే ఉంటే రాలిపోతుంది. చింతగింజ జిగురు ఒక్కటే ఉంటే ఎండి పగులుతుంది. రెండూ కలిస్తే కర్ర లాగా గట్టిపడుతుంది. ఒంటరిగా నిలవనివి రెండు కలిసి నిలబడతాయి. మన సంఘం లాగే!

ఎలా చేయాలి?

మొదటి పని: చిప్ప.
కొబ్బరి చిప్పను సగం సగంగా ఉన్నది తీసుకోండి. పైన పీచు మొత్తం గీకి తీయండి. లోపల కొబ్బరి ఏమాత్రం ఉండొద్దు. ఉంటే చీమలు పడతాయి, బూజు వస్తుంది. రెండు రోజులు ఎండలో పెట్టండి. పై అంచుకు దగ్గరగా రెండు చిన్న రంధ్రాలు చేయించండి. తర్వాత దారం కట్టడానికి అవి కావాలి. మాస్కు తయారయ్యాక రంధ్రం చేస్తే పగులుతుంది. అందుకని ముందే చేయాలి.

రెండో పని: జిగురు.
చింతగింజలను వేయించి పై పొట్టు తీయండి. రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున మెత్తగా రుబ్బండి. నీళ్లు పోసి సన్న మంట మీద ఉడికించండి. అడుగు అంటకుండా కలుపుతూ ఉండండి. జావ లాగా చిక్కబడితే దించండి. ఇది రెండు మూడు రోజులకే పులుస్తుంది. ఎంత కావాలో అంతే చేసుకోండి.

మూడో పని: ముద్ద.
రంపపు పొట్టును జల్లెడ పట్టండి. సన్న పొట్టు మాత్రమే తీసుకోండి. పొట్టు జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. చల్లారిన జిగురులో కొంచెం కొంచెం పొట్టు వేసి పిసకండి. జొన్నరొట్టెకు పిండి కలిపినట్టు కలపాలి. చేతికి అంటొద్దు, పగలొద్దు. ఆ పదును మీ చేతికే తెలుసు.

నాలుగో పని: మొగం.
చిప్ప పైభాగం మీద జిగురు రాయండి. ముద్దను పలచగా పరిచి ఒత్తండి. ఒక్కసారే మందంగా పెట్టొద్దు. మందంగా పెడితే పైన ఎండుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. అప్పుడు పగులుతుంది. మొదటి పొర కొంచెం ఆరాక ముక్కు, పెదవులు, చెవులు, కనుబొమ్మలు పెట్టండి. ఆడామె అయితే కొప్పు, కమ్మలు, ముక్కుపుడక పెట్టండి. మొగాయన అయితే తలపాగా, మీసం పెట్టండి. కొప్పు, తలపాగా లాంటివి చిప్ప దాటి బయటికి వస్తాయి. అక్కడ పాత గుడ్డ పేలికను జిగురులో ముంచి చుట్టండి. గుడ్డ ఉంటే విరగదు.

ఐదో పని: ఆరబెట్టడం.
నీడలో ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో పెట్టొద్దు. రెండు మూడు రోజులు పడుతుంది. వానకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. పగుళ్లు వస్తే భయపడొద్దు. పలచటి ముద్దతో పూడ్చి మళ్లీ ఆరబెట్టండి.

ఆరో పని: తెల్ల పూత.
ఆరిన మొగాన్ని గరుకు కాయితంతో రుద్ది నున్నగా చేయండి. సుద్ద పొడిని తుమ్మ జిగురు నీళ్లలో కలిపి పూయండి. ఒక పూత ఆరాక ఇంకో పూత వేయండి. మూడు పూతలు వేస్తే గోడకు సున్నం వేసినట్టు తెల్లగా, చదునుగా వస్తుంది. ఈ తెలుపు మీద రంగు బాగా మెరుస్తుంది.

ఏడో పని: రంగు.
ముందు మొగానికి రంగు వేయండి. తర్వాత తలపాగా, కొప్పు, నగలు. ఆ తర్వాత కళ్ల తెలుపు. అన్నిటికంటే చివర సన్న కుంచెతో నల్ల గీతలు. కనుబొమ్మ, కంటి అంచు, పెదవి అంచు. నల్ల గీత పడగానే బొమ్మకు ప్రాణం వచ్చినట్టు ఉంటుంది. చెయ్యి వణికితే ముందు పలక మీద, పాత కాయితం మీద గీసి అలవాటు చేసుకోండి. అక్షరాలు దిద్దినప్పుడు కూడా మొదట్లో చెయ్యి వణికింది కదా! ఇప్పుడు వణుకుతుందా?

రంగుతో జాగ్రత్త

పాత రోజుల్లో నకాశీలు రంగులు తామే చేసుకునేవాళ్లు. దీపం మసితో నలుపు. గవ్వలు, శంఖం పొడితో తెలుపు. పసుపు పచ్చకు పసుపు. నీలానికి నీలిమందు. ఎరుపుకు ఇంగిలీకం. ఇప్పుడు దుకాణంలో దొరికే నీటి రంగులు ఎక్కువగా వాడుతున్నారు.

ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. అది విషం. ఇంట్లో దాన్ని వాడొద్దు.

తలుపులకు వేసే కొన్ని పాత రంగుల్లో సీసం ఉంటుంది. అది కూడా విషమే. పిల్లల కడుపులోకి పోతే వాళ్ల ఎదుగుదల, తెలివి దెబ్బతింటాయి. ఇంటికి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటొద్దని, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటొద్దని, మన దేశంలో 2016లో నియమం పెట్టారు. 2017 నవంబర్ నుంచి అది అమలులోకి వచ్చింది. కాబట్టి ఇంట్లో ఏళ్లుగా మూలన పడి ఉన్న పాత రంగు డబ్బా వాడొద్దు. కొత్త డబ్బా కొనేటప్పుడు దాని మీద రాసింది చదవండి. సీసం కలపలేదని రాసి ఉందా చూడండి. తేదీ చూడండి. ధర చూడండి. చదువు వచ్చినందుకు ఇదొక లాభం. చదవకుండా కొనొద్దు.

జాతర మాస్కు పారేయకండి

జాతరలో పిల్లలు మారాం చేస్తే పులి మాస్కు, హనుమంతుడి మాస్కు కొనిస్తాం. అవి పలచటి ప్లాస్టిక్‌వి. నాలుగు రోజులు ఆడుకుంటారు. రబ్బరు దారం తెగుతుంది. మాస్కు మూలకు పడుతుంది. తర్వాత కాల్చేస్తాం. ప్లాస్టిక్ కాలిస్తే వచ్చే పొగ చెడ్డది.

ఆ మాస్కును కూడా గోడకు పెట్టొచ్చు. సబ్బు నీళ్లతో కడగండి. నున్నటి ప్లాస్టిక్ మీద జిగురు నిలవదు. అందుకని గరుకు కాయితంతో బాగా రుద్దండి. పాత గుడ్డ పేలికలను, పాత పేపరు ముక్కలను చింతగింజ జిగురులో ముంచి ముందూ వెనకా అంటించండి. మూడు నాలుగు పొరలు వేయండి. కళ్ల రంధ్రాలు కూడా మూసేయండి. ఆరాక సుద్ద పూత వేసి మీకు నచ్చిన రంగు వేయండి. పులిని అవ్వ చేయొచ్చు. హనుమంతుడి రంగు వెలిసి ఉంటే కొత్తగా వేయొచ్చు.

ఒక్క మాట. కరోనా నాడు కట్టుకున్న పాత గుడ్డ మాస్కులను మాత్రం ఈ పనికి తీయొద్దు. నోటికి కట్టుకున్నవి నోటికే. గోడకు వద్దు.

పిల్లలకు వేరే మొగాలు కావాలంటారు. "అమ్మా, తలపాగా తాత వద్దు, రోబో చేయవే" అంటారు. తప్పేం లేదు. 2023 ఆగస్టు 23న మన దేశం పంపిన చంద్రయాన్-3 చందమామ మీద దిగింది. బడి పిల్లలంతా టీవీలో చూశారు. చిప్ప మీద గుండ్రటి టోపీ, ముందు నల్లటి అద్దం వేస్తే అంతరిక్షంలోకి పోయే మనిషి తయారవుతాడు. టోపీ మీద మీ బిడ్డ పేరు రాయండి. ఆ అక్షరాలు మీరే రాయండి.

గోడకు ఎలా పెట్టాలి?

ఈ మాస్కుకు పెద్ద శత్రువు నీళ్లు. చింతగింజ జిగురు నీళ్లలో నానితే మెత్తబడుతుంది. కాబట్టి వాన జల్లు కొట్టే బయటి గోడకు పెట్టొద్దు. చెమ్మ ఎక్కే గోడకు పెట్టొద్దు. పొయ్యి దగ్గర పెడితే పొగకు నల్లబడుతుంది. ముందు గది లోపలి గోడ మంచిది.

సిమెంటు గోడకు చిన్న మేకు కొడితే వంగుతుంది, లేదంటే సిమెంటు పెచ్చు లేస్తుంది. సిమెంటుకు కొట్టే గట్టి మేకులు వేరే ఉంటాయి. అవి అడిగి తీసుకోండి. కరెంటు స్విచ్చుకు పైన, కింద మేకు కొట్టొద్దు. గోడ లోపల వైరు ఉండొచ్చు.

నిలబడితే మన కంటికి సూటిగా ఉండే ఎత్తులో పెట్టండి. దుమ్ము పడితే పొడి గుడ్డతో తుడవండి. తడి గుడ్డ వద్దు. వానకాలం పోయాక ఒకసారి తీసి గాలికి పెట్టండి.

పండుగ పండుగకు ఒక అలంకారం

మాస్కు ఒక్కసారి చేస్తే ఏళ్లు ఉంటుంది. పండుగకు పండుగకు దాని చుట్టూ ఉండేది మారిస్తే చాలు. గోడ ప్రతిసారీ కొత్తగా కనిపిస్తుంది.

ఉగాదికి: మాస్కు మీద మామిడాకుల తోరణం.
బోనాలకు: రెండు పక్కలా వేపకొమ్మలు. ఆడామె మొగానికి పసుపు రంగు వేసి ఉంటే ఇంకా బాగుంటుంది.
బతుకమ్మకు: చుట్టూ తంగేడు, గునుగు, బంతి పూలు. పూలు వాడగానే తీసేయండి.
దసరాకు: తలపాగా సందులో జమ్మి ఆకు.
దీపావళికి: దీపాలు కింద పెట్టండి. మాస్కుకు దూరంగా పెట్టండి. అది పొట్టు, గుడ్డతో చేసింది. అంటుకుంటుంది.
సంక్రాంతికి: ఒక పాత చాటకు పేడ అలికి, ముగ్గు వేసి, దాని నడుమ మాస్కును కట్టండి.

దిష్టి మాట

కొత్త ఇంటికి దిష్టి తగులుతుందని కొందరు కోరలున్న ఎర్ర మొగాన్ని బయట కడతారు. చేర్యాల మాస్కు దాని కోసం చేసింది కాదు. ఇది మన ఊరి మనుషుల మొగమే. నవ్వే మొగం. అందం కోసం, సంతోషం కోసం పెట్టుకునేది.

ఇంట్లో పిల్లకు జ్వరం వస్తే గోడ మీద మొగం చూసి ఆగొద్దు. దవాఖానకు తీసుకుపోండి. ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా చూడండి. గోడ అందంగా ఉండాలి. ఇంటి చుట్టూ శుభ్రంగా కూడా ఉండాలి.

"చిప్పే కదా!"

మాస్కు అమ్మబోతే అడిగే మొదటి మాట ఒకటి ఉంటుంది. "కొబ్బరి చిప్పే కదా, గింత ధర ఎందుకు?"

ఈ మాటకు జవాబు మనకు తెలిసి ఉండాలి. జవాబు నోటితో కాదు, లెక్కతో చెప్పాలి. పలక తీసుకోండి. లెక్క చేద్దాం. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి. మీ ఊళ్లో ఎంత కూలి నడుస్తుందో ఆ అంకె మీరు వేసుకోండి.

రోజు కూలి 400 రూపాయలు అనుకుందాం. రోజుకు 8 గంటల పని. అంటే గంటకు 50 రూపాయలు.

ఒక్క మాస్కు చేయడానికి, ఆరబెట్టే రోజులు వదిలేసి, చేతితో పని చేసిన సమయం 5 గంటలు అనుకుందాం.

కూలి: 5 గంటలు × 50 = 250 రూపాయలు
రంగులు, సుద్ద, గరుకు కాయితం: 40 రూపాయలు
అమ్మే చోటికి బస్సు ఖర్చులో వాటా: 20 రూపాయలు
మొత్తం: 310 రూపాయలు

కొబ్బరి చిప్ప ఖరీదు ఎంత? సున్న. కానీ మాస్కు ఖరీదు 310 రూపాయలు. ఆ ధర చిప్పది కాదు. చేతిది.

ఎవరన్నా 100 రూపాయలకు ఇవ్వమంటే ఏమవుతుంది? 40 రంగులకు పోతుంది. 20 బస్సుకు పోతుంది. మిగిలేది 40. ఐదు గంటల పనికి 40 రూపాయలు. గంటకు 8 రూపాయలు. ఈ లెక్క రాసుకోకపోతే 100 చేతికి వచ్చిందనే సంతోషంలో మోసపోతాం.

ఇప్పుడు ఇంకో లెక్క. సంఘంలో నలుగురు కలిసి పది మాస్కులు ఒకేసారి చేశారనుకుందాం. ఒకరు జిగురు ఉడికిస్తారు. ఒకరు చిప్పలు గీకుతారు. చెయ్యి తిరిగినామె నల్ల గీతలు గీస్తుంది. పదింటికి కలిపి 30 గంటలు పట్టింది అనుకుందాం. ఒక్కోదానికి 3 గంటలు.

కూలి: 3 × 50 = 150 రూపాయలు
సామాను: 40 రూపాయలు
బస్సు: 20 రూపాయలు
మొత్తం: 210 రూపాయలు

కలిసి చేస్తే ఒక్కోదానికి ఖర్చు 100 రూపాయలు తగ్గింది. కూలి మాత్రం గంటకు 50 రూపాయలు అట్లాగే ఉంది. ధర తగ్గించాలంటే ఇట్లా తగ్గించాలి. మన కూలిని కోసుకుని కాదు.

ఈ లెక్క సంఘం పుస్తకంలో రాయండి. ఎవరు ఎన్ని గంటలు పని చేశారో వాళ్ల పేరు పక్కన రాయండి. చాలా ఇండ్లలో చింతగింజలు దంచేది, జిగురు ఉడికించేది, పూత వేసేది ఆడవాళ్లే. బయట మాత్రం ఆ పని ఎవరికీ కనిపించదు. పుస్తకంలో గంటలు రాస్తే కనిపిస్తుంది.

పేరు ఎవరిది?

ఒక ముఖ్యమైన సంగతి. చేర్యాల చిత్రకళకు భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఏమిటి? ఒక ఊళ్లో, ఒక పద్ధతిలో తయారయ్యే వస్తువుకు ఆ ఊరి పేరు మీద చట్టం ఇచ్చే రక్షణ. గద్వాల చీర, పోచంపల్లి ఇక్కత్ లాంటివాటికి కూడా ఇట్లాంటి గుర్తింపు ఉంది. వేరే ఎక్కడో చేసింది తెచ్చి ఆ పేరుతో అమ్మకూడదు.

కాబట్టి మనం ఇంట్లో నేర్చుకుని చేసిన బొమ్మను "చేర్యాల మాస్కు" అని అమ్మకూడదు. నకాశీల కష్టంతో వచ్చిన పేరు అది. మన బొమ్మకు మన పేరు పెట్టుకుందాం. "ఎర్రవల్లి చిప్ప బొమ్మ" అనొచ్చు. వెనక చేసినామె పేరు రాయొచ్చు. మన కష్టానికి ధర అడిగే మనం ఇంకొకరి కష్టానికి విలువ ఇవ్వాలి.

అసలైన చేర్యాల మాస్కు కావాలంటే చేర్యాల పోయి నకాశీల దగ్గరే కొనొచ్చు. మల్లన్న దర్శనానికి పోయినప్పుడు చేర్యాల కూడా పోయి రావచ్చు. వాళ్లు పని చేసేది చూస్తే మనకూ ఎంతో తెలుస్తుంది. వాళ్ల దగ్గర కొనేటప్పుడు "చిప్పే కదా" అనొద్దు. ఆ చిప్ప మీద ఎన్ని గంటలున్నాయో ఇప్పుడు మనకు తెలుసు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పారేసే వస్తువుల్లో గోడకు పనికొచ్చేవి ఏమున్నాయి? ఐదు పేర్లు రాయండి.
2. మీ ఊళ్లో పటం కథ విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పెద్దవాళ్లను అడిగి, ఆ కథ ఏమిటో నాలుగు మాటల్లో రాయండి.
3. మీ ఊళ్లో ఆడవాళ్లకు రోజు కూలి ఎంత? ఆ అంకెతో మాస్కు ధర లెక్క మళ్లీ చేయండి.
4. ఇంట్లో ఉన్న రంగు డబ్బా తెచ్చి, దాని మీద రాసిన తేదీ, ధర పైకి చదవండి.
5. మీ సంఘం చేసే బొమ్మకు ఏ పేరు పెడతారు? ఆ పేరు పలక మీద పెద్ద అక్షరాలతో రాయండి.

కొత్త మాటలు

నకాశీ: చేర్యాలలో పటాలు, బొమ్మలు వేసే చిత్రకారులు.
పటం: కథను బొమ్మలుగా వేసిన పొడవాటి గుడ్డ.
ఇంగిలీకం: పాత రోజుల్లో వాడిన ఎర్ర రంగు. విషం.
సీసం: ఒక బరువైన లోహం. ఒంట్లోకి పోతే విషం.
భౌగోళిక గుర్తింపు: ఊరి పేరు మీద వస్తువుకు ఉండే చట్టపు రక్షణ.